.308 లోడ్ డేటా: ఒకే బుల్లెట్, ఒకే పౌడర్, రెండు చోట్ల రెండు మాక్సిమమ్‌లు

గురిచూపు
అందరికీ నమస్కారం. రీలోడింగ్, అంటే కాల్చిన కేసుని (ఇత్తడి గొట్టం) మళ్ళీ నింపి తూటా చేసుకోవడం గురించి ఒక సందేహం. రైఫిల్ .308 విన్‌చెస్టర్, బోల్ట్ యాక్షన్, 20 అంగుళాల బ్యారెల్. బుల్లెట్ 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) హాలోపాయింట్ మ్యాచ్, అంటే మొనలో రంధ్రమున్న పోటీ రకం, పౌడర్ వార్గెట్. బుల్లెట్ కంపెనీ పుస్తకంలో ఒక మాక్సిమమ్ (పౌడర్ దాటకూడని తూకం) ఉంది, పౌడర్ కంపెనీ హోడ్జ్‌డన్ సైట్‌లో ఇంకొకటి ఉంది. రెండింటికీ మధ్య గ్రెయిన్‌కి పైగా తేడా. స్టార్ట్ లోడ్లూ (మొదలుపెట్టాల్సిన తక్కువ తూకాలు) కలవడం లేదు. ఇవి చాలవన్నట్టు నెట్‌లో ఒకాయన పెట్టిన లోడ్ ఈ రెండింటికన్నా ఎక్కువుంది. దాని కింద బోలెడుమంది "మాకు బాగా పనిచేసింది" అని రాశారు. దేన్ని పట్టుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టి ఎంతెంత పెంచాలి?

మోడరేటర్
చర్చ మొదలవక ముందే రెండు మాటలు. రీలోడింగ్‌కి మీరున్నచోట అనుమతి ఉందో లేదో, లైసెన్సు కావాలో వద్దో చూసుకోవాల్సింది మీరే. ఇక్కడ ఎవరూ పౌడర్ ఛార్జి (తూటాలో వేసే పౌడర్ తూకం) అంకెలు రాయకూడదు. రాస్తే తీసేస్తాం.

తక్కెడబల్ల
గురిచూపు గారూ, ఆ రెండు మాక్సిమమ్‌లూ నిజమే. లోడ్ డేటాని ఫార్ములా అనుకోకండి. ఒక ల్యాబులో, ఒక బ్యారెల్‌లో, ఒక లాట్ (ఒకే విడతలో తయారైన) పౌడర్‌తో, ఒక కంపెనీ కేసుతో, ఒక ప్రైమర్‌తో (పౌడర్‌ని అంటించే చిన్న కప్పు) కాల్చినప్పుడు ఏం వచ్చిందో రాసిపెట్టిన రికార్డు అది. ఆ వరుసలో ఏ ఒక్కటి మారినా అంకె మారుతుంది.

అందుకే ఛార్జి కాలమ్ మీద చూపు పడకముందే పేజీ పైనున్న చిన్న అక్షరాలు చదవాలి. ఏ కంపెనీ కేసు, ఏ ప్రైమర్, బ్యారెల్ పొడవెంత, ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాళ్ళ మెలిక) ఎంత, తూటా మొత్తం పొడవెంత, కేసు ఎంత పొడవుకి ట్రిమ్ చేశారు (కోశారు). ఇవన్నీ అక్కడే ఉంటాయి. మీ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి, కేసు, ప్రైమర్, పొడవు, ఈ మూడింట్లో ఏదో ఒకటైనా తేడా కనబడుతుంది. ఇంకో విషయం ఉంది. కొందరు ప్రెషర్ టెస్ట్ బ్యారెల్ వాడతారు. దాని ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కొలతలు కనీస హద్దుకి దగ్గరగా, బిగుతుగా ఉంటాయి కాబట్టి ప్రెషర్ తొందరగా ఎక్కుతుంది. ఇంకొందరు మామూలు ఫ్యాక్టరీ రైఫిల్‌తోనే కాల్చి డేటా రాస్తారు. అందుకే అంకెలు కలవవు, కలవాలనుకోవడమే పొరపాటు.

ఇక ఏది పట్టుకోవాలంటే: మీ దగ్గరున్న సరంజామాకి ఏ పేజీ దగ్గరగా ఉందో దాన్ని. ముఖ్యంగా సరిగ్గా మీ బుల్లెట్‌నే, పేరుతో సహా, వాడి కాల్చిన డేటా. రెండూ సమానంగా దగ్గరగా ఉంటే రెండు స్టార్టుల్లో తక్కువదానితో మొదలుపెట్టండి, రెండు మాక్సిమమ్‌లలో చిన్నదాన్ని హద్దుగా పెట్టుకోండి. మాక్సిమమ్ ఒక్కటే ఇచ్చి స్టార్ట్ ఇవ్వని చోట మామూలు పద్ధతి, మాక్సిమమ్‌లో 10 శాతం తగ్గించి అక్కణ్ణుంచి పైకి రావడం. దీనికీ మినహాయింపులున్నాయి, అవసరమైతే తర్వాత చెబుతాను.

పెంచే మెట్టు ఛార్జిలో ఒక శాతం దరిదాపుల్లో ఉంచండి. .308 అంత కేసులో 0.3 నుంచి 0.5 గ్రెయిన్లు. .223లో అయితే 0.2, మహా అయితే 0.3.

ఇత్తడికేసు
నెట్‌లో దొరికిన ఆ లోడ్ సంగతి వదిలేయండి. వందమందికి పనిచేసిందంటే ఆ వందమంది రైఫిళ్ళు ఇంకా పగల్లేదని అర్థం, ప్రెషర్ ఎవరూ కొలవలేదు. పైగా అలాంటి పోస్టుల్లో తప్పు దొర్లేది ఎక్కువగా పౌడర్ పేరు దగ్గరే. హెచ్ 4350, ఐఎంఆర్ 4350, అక్యురేట్ 4350, ఈ మూడూ వేర్వేరు పౌడర్లు. హెచ్ 4895, ఐఎంఆర్ 4895 కూడా అంతే. 4831లూ అంతే. "4350 వాడాను" అని ఒకడు రాస్తే అది ఏ 4350? అడిగినా జవాబు రాదు.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణలూ ఉన్నాయి. హెచ్ 110, విన్‌చెస్టర్ 296 పేర్లు వేరైనా పౌడర్ ఒకటే. హెచ్ 4831, దాని షార్ట్ కట్ రకం రెండింటికీ ఒకే డేటా, గింజ పొడవొక్కటే తేడా. ఇవన్నీ ఊహించి చెప్పేవి కావు, తయారీదారు చెబితేనే నమ్మాలి.

మండే వేగాల పట్టిక చూసి "పక్కపక్కన ఉన్నాయి కదా" అని ఒకదాని డేటా ఇంకోదానికి వాడేవాళ్ళున్నారు. ఆ పట్టిక వరుస మాత్రమే చెబుతుంది. రెండు పౌడర్ల మధ్య దూరం ఎంతో చెప్పదు. కేసు మారితే ఆ వరుస కూడా తారుమారవుతుంది.

గురిచూపు
బాగా అర్థమైంది అండీ. ఇంకో డౌటు. ఇదే 168 గ్రెయిన్లలో వేరే కంపెనీ బుల్లెట్లు, ఒక డబ్బా పూర్తి రాగివి కూడా ఉన్నాయి. బరువొకటే కాబట్టి అదే డేటా వాడొచ్చా?

రాగితొడుగు
రాగి బుల్లెట్‌కి వద్దు, ససేమిరా. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11.3 గ్రాములు, రాగిది 8.9. అదే బరువు రాగిలో కావాలంటే బుల్లెట్ పొడవు పెరగక తప్పదు. తూటా మొత్తం పొడవు మారకూడదు కాబట్టి ఆ పెరిగిన పొడవంతా కేసు లోపలికే దిగుతుంది, పౌడర్ ఉండాల్సిన చోటు తింటుంది. అదొక్కటే కాదు, లోపల సీసమున్న బుల్లెట్ రైఫ్లింగ్‌లోకి (బ్యారెల్ లోపలి మెలిక గాళ్ళు) దిగేటప్పుడు కాస్త సర్దుకుంటుంది. మొత్తం రాగిదైతే అంత తేలిగ్గా సర్దుకోదు. అందుకే వాటి మీద గాళ్ళు కోస్తారు. ఈ బుల్లెట్లకి తయారుచేసినవాళ్ళ డేటా ఒక్కటే వాడాలి. రైఫ్లింగ్‌కి ఎంత దూరం ఉంచాలో కూడా వాళ్ళే చెబుతారు, రాగి బుల్లెట్లు చేసే బార్న్స్ వాళ్ళు 0.050 అంగుళం దగ్గర మొదలుపెట్టమంటారు.

లోపల సీసం, పైన రాగి తొడుగు ఉన్న మామూలు బుల్లెట్ వేరే కంపెనీదైతే, దాని పేరు మీదే డేటా వెతకండి మొదట. దొరక్కపోతే, అదే బరువు, అదే రకం నిర్మాణం, దాదాపు అదే పొడవున్న బుల్లెట్ డేటాలో స్టార్ట్ లోడ్ మాత్రమే తీసుకుని కింద నుంచి రండి. బరువు కలవనప్పుడు ఎక్కువ బరువు బుల్లెట్ డేటా చూడాలి, తక్కువ బరువుది కాదు. కాలిపర్‌తో బ్యారెల్‌ని తాకే భాగం పొడవు కొలిచి పోల్చుకోండి. బరువొకటే ఉన్నా ఆ భాగం పొడవుగా ఉన్నదానికి రాపిడి ఎక్కువ.

తక్కెడబల్ల
తూటా మొత్తం పొడవు మాట వచ్చింది కాబట్టి. .308కి సామీ (అమెరికా తూటా తయారీదారుల ప్రమాణ సంస్థ) ప్రమాణం గరిష్ఠంగా 2.810 అంగుళాలు. డేటా పేజీలో అంతకన్నా కాస్త తక్కువ కనబడితే ఆ బుల్లెట్ ముక్కు ఆకారం వల్ల అలా సీట్ చేశారన్నమాట (కేసులోకి దింపారన్నమాట). మొదటి విడతకి పేజీలో ఉన్న పొడవే వాడండి.

హాలోపాయింట్ మ్యాచ్ బుల్లెట్ల మొనలు ఒకే డబ్బాలో కూడా సమానంగా ఉండవు. మొన నుంచి కొలిస్తే అంకె ఊగుతుంది. కాలిపర్‌కి కంపారేటర్ బిగించి, బుల్లెట్ వంపు మొదలయ్యే చోటు నుంచి కేసు అడుగు దాకా కొలవండి, అప్పుడు నిలకడగా వస్తుంది.

మీ ఛాంబర్‌లో రైఫ్లింగ్ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోకుండా బుల్లెట్‌ని ముందుకు జరపొద్దు. ఒక ఖాళీ కేసు, పౌడర్ ప్రైమర్ ఏమీ లేనిది, మెడ కాస్త వదులుగా బుల్లెట్‌ని వేళ్ళతో తోస్తే కదిలేలా ఉండాలి. అందులో బుల్లెట్‌ని పొడవుగా పెట్టి ఛాంబర్‌లో మెల్లగా మూసి, మెల్లగా తీసి కొలవండి. రైఫ్లింగ్ దాన్ని వెనక్కి తోసిన చోటే ఆ రైఫిల్ హద్దు. నాలుగైదు సార్లు చేసి, కలవని అంకె పక్కన పెట్టండి. బుల్లెట్ రైఫ్లింగ్‌లోనే ఇరుక్కుని ఉండిపోతే క్లీనింగ్ రాడ్‌తో ముందువైపు నుంచి మెల్లగా తోయండి. రైఫ్లింగ్‌ని తాకుతూ సీట్ చేస్తే అదే ఛార్జికి ప్రెషర్ బాగా పెరుగుతుంది. దూరంతో చేసిన లోడ్‌ని తర్వాత తాకేలా మార్చాలనుకుంటే ఛార్జి తగ్గించి మళ్ళీ కిందనుంచి రావాలి.

లోతుకొల
కేసు పొడవు మర్చిపోవద్దు. .308 గరిష్ఠం 2.015 అంగుళాలు, ట్రిమ్ 2.005. .223 అయితే 1.760, 1.750. సైజింగ్ (కాల్చిన కేసుని డైలో నొక్కి మళ్ళీ సరైన కొలతకి తేవడం) తర్వాత కొలవాలి, ముందు కాదు. కేసు మరీ పొడవైతే మెడ అంచు ఛాంబర్ చివర గుచ్చుకుని బుల్లెట్‌ని నొక్కి పడుతుంది. బుల్లెట్ వదలకపోతే ప్రెషర్ ఎటు పోతుంది?

ఇత్తడికేసు
అసలు కేసులే వేరైతే? మిలిటరీ కేసులకి గోడ మందం. బయటి కొలత ఒకటే కాబట్టి లోపల చోటు తక్కువ. పేజీలో విన్‌చెస్టర్ కేసు అని ఉండి మీరు మిలిటరీ కేసు వాడితే, స్టార్ట్ లోడ్ కూడా మీకు స్టార్ట్ కాదు, కొంచెం పైమెట్టే.

తూచితే తేలుతుంది. మీ ఛాంబర్‌లో కాల్చిన, సైజ్ చేయని కేసు తీసుకోండి, వాడిన ప్రైమర్ అందులోనే ఉండనివ్వండి. పొడిగా తూచండి. తర్వాత డ్రాపర్‌తో నీళ్ళు అంచుదాకా నింపండి. నీటి పైభాగం ఉబ్బకూడదు, గుంటా పడకూడదు, అంచుతో సమంగా ఉండాలి. లోపల బుడగ అంటుకుంటే కేసుని గోటితో తట్టండి. మళ్ళీ తూచి తీసివేస్తే వచ్చేది గ్రెయిన్ల నీటిలో కేసు సామర్థ్యం. ఐదు కేసుల సగటు చాలు. రెండు కంపెనీల కేసులు పక్కపక్కన పెట్టి చేస్తే తేడా మీకే కనబడుతుంది. ఖాళీ కేసు బరువుతో ఉజ్జాయింపుగా చూడాలంటే: ఇత్తడి నీటికన్నా సుమారు ఎనిమిదిన్నర రెట్లు బరువు, అంటే ఒక కేసు ఇంకోదానికన్నా 12 గ్రెయిన్లు బరువుంటే లోపల దాదాపు 1.4 గ్రెయిన్ల నీటి చోటు తక్కువ.

రకరకాల కేసులు కలిపి ఒకే విడతలో లోడ్ చేయొద్దు. కేసు అడుగున ముద్ర చూసి వేరుచేయండి.

మ్యాగ్నమ్_మోజు
ఇంత హంగామా ఎందుకు బ్రో? పుస్తకాలన్నీ లాయర్ల భయంతో తగ్గించి రాసినవే. ప్రైమర్ చూసుకుంటూ, బోల్ట్ బిగుసుకునేదాకా పెంచుకుంటూ పో. బిగుసుకుంటే అర గ్రెయిన్ దించు. అంతే.

తక్కెడబల్ల
› ప్రైమర్ చూసుకుంటూ, బోల్ట్ బిగుసుకునేదాకా పెంచుకుంటూ పో

ఈ సలహా వల్లే రైఫిళ్ళు పాడవుతాయి. .308కి సామీ గరిష్ఠం 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి). బోల్ట్ బరువెక్కడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తోసే పిన్ను) గుండ్రటి ముద్ర పడటం, ప్రైమర్ పాకెట్ వదులవడం, ఇవి చాలా సందర్భాల్లో ఆ హద్దు దాటాకే కనబడతాయి. ఇత్తడి సాగి ఎజెక్టర్ రంధ్రంలోకి పారితేనే ఆ ముద్ర పడేది. అంటే అది కనబడేసరికే ఆలస్యమైపోయింది.

పైగా ఈ గుర్తులు కేసు బలం చెబుతాయి కానీ మీ యాక్షన్ బలం చెప్పవు. .30-30కి హద్దు 42,000. అందులో 55,000 వచ్చినా ఇత్తడి మీద మచ్చ పడకపోవచ్చు, లివర్ యాక్షన్ మాత్రం నలిగిపోతుంది. పాత ట్రాప్‌డోర్ రైఫిల్ .45-70కి అసలు హద్దే 28,000. అందుకే చాలా డేటా పుస్తకాల్లో .45-70కి మూడు వేర్వేరు విభాగాలుంటాయి: ట్రాప్‌డోర్‌కి ఒకటి, లివర్ రైఫిళ్ళకి ఒకటి, బలమైన సింగిల్ షాట్లకి ఒకటి. మూడో పేజీ లోడ్‌ని మొదటి తుపాకీలో పెడితే ఏ ప్రైమరూ ముందస్తుగా హెచ్చరించదు.

ప్రైమర్ చదునవడం ఇంకా మోసం. మెత్తటి కప్పున్న ప్రైమర్ మామూలు లోడ్‌కే చదునవుతుంది. గట్టి కప్పుది హద్దు దాటినా గుండ్రంగానే కనబడుతుంది. కేసు భుజాన్ని (మెడ కింది వాలు) సైజింగ్‌లో మరీ వెనక్కి నొక్కేస్తే, కాల్చినప్పుడు ప్రైమర్ ముందు బయటికొచ్చి, తర్వాత కేసు వెనక్కొచ్చి దాన్ని నలిపేస్తుంది. చూడటానికి హై ప్రెషర్‌లా ఉంటుంది, తప్పు డై అమరికది. అందుకే బోల్ట్ రైఫిల్లో భుజాన్ని 0.001 నుంచి 0.002 అంగుళం కన్నా ఎక్కువ నొక్కొద్దంటారు.

లాయర్ల సంగతి. పాత పుస్తకాల్లో ప్రెషర్‌ని రాగి ముక్క నలిగిన కొలతతో, సీయూపీలో చెప్పేవారు. ఇప్పుడు పైజో సెన్సర్ పీఎస్‌ఐ. .308కి సీయూపీలో 52,000, .223కి కూడా 52,000. పీఎస్‌ఐలో మాత్రం ఒకటి 62,000, ఇంకోటి 55,000. ఒకదాన్నుంచి ఇంకోదానికి గుణించి మార్చే సూత్రం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. రాగి ముక్కకి పట్టుబడని శిఖరాలు సెన్సర్‌కి పట్టుబడ్డాయి, కొన్ని లోడ్లు తగ్గాయి. పౌడర్ లాట్లు మారాయి, బుల్లెట్ల ఆకారాలు మారాయి. తగ్గించినదంతా భయం అనుకుంటే ఎలా?

మ్యాగ్నమ్_మోజు
సరే, ఒకటి అడుగుతా. అదే 8×57కి యూరప్ లోడ్లు అమెరికా లోడ్లకన్నా చాలా ఎక్కువ. అది భయం కాదా మరి?

రాగితొడుగు
అది భయమే, కానీ కారణమున్న భయం. పాత రైఫిళ్ళు కొన్నింటి బ్యారెల్ .318 బుల్లెట్‌కి, తర్వాతవి .323కి. పెద్ద బుల్లెట్‌ని చిన్న బ్యారెల్‌లోకి తోసే అవకాశం ఉంది కాబట్టి సామీ 35,000 పీఎస్‌ఐ దగ్గర ఆపింది. యూరప్ ప్రమాణ సంస్థ సీఐపీ .323 రకానికి 3900 బార్ ఇచ్చింది, అంటే సుమారు 56,500 పీఎస్‌ఐ. అందుకే డేటా ఏ ప్రమాణానికి రాసిందో చూడకుండా అంకె చదవకూడదు. ముందు బ్యారెల్‌లోకి మెత్తటి సీసం గుండు దోపి, బయటికి తీసి, గాళ్ళ అడుగు వ్యాసం కొలుచుకోవాలి. పని అయిదు నిమిషాలది.

గురిచూపు
మరి ప్రెషర్ కొలిచే పరికరం లేనివాళ్ళు చూసుకోవాల్సిందేంటి?

లోతుకొల
క్రోనోగ్రాఫ్, అంటే బుల్లెట్ వేగం కొలిచే పరికరం. వేగం ఊరికే రాదు. డేటా పేజీలో మాక్సిమమ్ దగ్గర ఎంత వేగం రాశారో అంత మీ రైఫిల్లో తక్కువ ఛార్జికే వచ్చేస్తే, ప్రెషర్ కూడా అక్కడికి చేరిందనే అనుకోవాలి. బోల్ట్ ఎంత సాఫీగా లేచినా ఆగిపోవాలి.

బ్యారెల్ పొడవు సర్దుకోవాలి. .308 అంత తూటాకి అంగుళానికి సెకనుకి 20 నుంచి 30 అడుగులు పోతుంది. పేజీ 24 అంగుళాలకి రాసిందనుకోండి, మీది 20. కాబట్టి మీకు దాదాపు 100 అడుగులు తక్కువ రావాలి. అంత తగ్గకుండా పుస్తకంలోని వేగమే వచ్చిందంటే సంతోషపడే విషయం కాదది.

ఇంకో సూచన. ఛార్జి మెట్టుమెట్టుకీ పెంచుతుంటే వేగం దాదాపు సమానంగా పెరగాలి. ఒక మెట్టులో ఉన్నట్టుండి ఎక్కువ దూకినా, అసలు పెరగకపోయినా అక్కడ ఆపి తూకం మళ్ళీ చూడండి. మూడు తూటాలతో సగటు తీసి తీర్పులివ్వొద్దు, కానీ ప్రమాదం పసిగట్టడానికి మూడు చాలు.

చల్లటి పొద్దున చేసిన లోడ్‌ని ఎండలో కాలిస్తే వేగం, ప్రెషర్ పెరుగుతాయి. వార్గెట్, హెచ్ 4350, హెచ్ 4895 లాంటివి ఉష్ణోగ్రతకి అంతగా చలించకుండా చేసినవి. గుండ్రటి గింజల పౌడర్లు చాలావరకు అలా కావు. మాక్సిమమ్ అంచున ఉన్న తూటాలని కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయడం, వేడెక్కిన ఛాంబర్‌లో తూటా పెట్టి ఊరుకోవడం, రెండూ వద్దు.

తక్కెడబల్ల
ప్రైమర్ సంగతి కూడా. ఫెడరల్ 210ఎం అని పేజీలో ఉంటే అదే వాడండి. లేదంటే స్టాండర్డ్‌కి స్టాండర్డ్. మాగ్నమ్ ప్రైమర్ మారిస్తే ఛార్జి దించి మళ్ళీ రావాలి. విన్‌చెస్టర్ లార్జ్ రైఫిల్ ప్రైమర్ డబ్బా మీద స్టాండర్డ్‌కీ మాగ్నమ్‌కీ అని రాసి ఉంటుంది. దాన్ని మామూలు ప్రైమర్లలో మెత్తనిదని అనుకోవద్దు.

తూకంరాళ్ళు
డేటా ఎంత మంచిదైనా త్రాసు తప్పైతే ఏం లాభం. కొన్ని విషయాలు:

ఎలక్ట్రానిక్ త్రాసు ఆన్ చేసి పావుగంటైనా వేడెక్కనివ్వండి. పక్కన ఫ్యాను, ఏసీ గాలి, ఫోను ఉండకూడదు. తెలిసిన బరువులతో, మీరు వేయబోయే ఛార్జికి దగ్గరగా ఉన్న బరువుతో, మొదట్లో, మధ్యలో, చివర్లో సరిచూడండి. ఖాళీ పళ్ళెం తీస్తే కనబడే మైనస్ అంకెని గుర్తుపెట్టుకోండి. పళ్ళెం తీసిన ప్రతిసారీ అదే అంకె రావాలి, మారిందంటే జీరో కదిలింది. గ్రెయిన్, గ్రాము మార్చే మీట చేతికి తగిలి మారిపోతుంది. ఒక గ్రాము 15.43 గ్రెయిన్లు, కాబట్టి తేడా పెద్దగానే ఉంటుంది, కానీ చిన్న ఛార్జిల దగ్గర కన్ను మోసపోతుంది.

బల్ల మీద ఒకేసారి ఒకే పౌడర్ డబ్బా. హాపర్‌లో (పౌడర్ కొలిచి వేసే పరికరం మీది డబ్బా) పౌడర్ రాత్రంతా వదిలేసి, పొద్దున "నిన్నటిదే" అనుకుని పైన ఇంకోటి పోయడం ఘోరం. పని అయిపోగానే అసలు డబ్బాలోకే వెనక్కి పోయండి. హాపర్‌లో ఏది ఉందో సందేహం వస్తే అది పౌడర్ కాదు, చెత్త.

కేసులన్నీ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్లు పెట్టేముందు టార్చి వేసి పైనుంచి వరుసగా చూడండి. ఒక కేసులో మట్టం ఎక్కువైనా తక్కువైనా కనబడుతుంది. వార్గెట్‌తో .308లో రెండుసార్లు పోస్తే పొర్లిపోతుంది, అది మంచిదే. పిస్టల్ పౌడర్‌తో చేసే తేలిక లోడ్లలో రెండు, మూడు ఛార్జిలు కూడా నిశ్శబ్దంగా పట్టేస్తాయి, వాటి జోలికి కొత్తవాళ్ళు వెళ్ళొద్దు.

ఒక్కో మెట్టుకీ మూడు నుంచి ఐదు తూటాలు చేస్తే చాలు. మాక్సిమమ్ మెట్టు యాభై చేసిపెట్టుకుని, రెండు మెట్ల కిందే ఆగాల్సి వస్తే మిగిలినవన్నీ సుత్తి పుల్లర్‌తో విప్పుకుంటూ కూర్చోవాలి.

గురిచూపు
హోడ్జ్‌డన్ పేజీలో ఛార్జి పక్కన ఒక్కోచోట "సి" అనే అక్షరం ఉంది. అదేంటి?

రాగితొడుగు
కంప్రెస్డ్. పౌడర్‌ని బుల్లెట్ కాస్త నొక్కి పట్టేంత నిండిందని. పుస్తకంలో ఉంటే భయపడక్కర్లేదు, కానీ సీట్ చేశాక మర్నాడు పొడవు మళ్ళీ కొలవండి, లోపలి పౌడర్ బుల్లెట్‌ని పైకి తోయొచ్చు. పొడుగాటి గొట్టంలోంచి మెల్లగా పోస్తే మట్టం తగ్గుతుంది.

మెల్లగాపో
పిల్లలకి నేర్పడానికి తన్నుడు తక్కువుండే లోడ్ కావాలి. స్టార్ట్ కన్నా కిందకి వెళ్తే ప్రెషర్ తక్కువే కదా, ప్రమాదమేముంది?

తక్కెడబల్ల
పైన మినహాయింపులు అన్నది ఇదే. నిదానంగా మండే పౌడర్‌ని పెద్ద కేసులో బాగా తగ్గించేస్తే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోవచ్చు, లేదంటే ప్రెషర్ అనూహ్యంగా పేలుడు స్థాయికి ఎగబాకొచ్చు. అందుకే స్టార్ట్ కింద డేటా లేని చోటికి వెళ్ళకూడదు. హెచ్ 110 అయితే మరీ కఠినం, మూడు శాతం మించి తగ్గించొద్దని హోడ్జ్‌డన్ వాళ్ళే చెబుతారు. అక్కడ 10 శాతం నియమం పనికిరాదు.

మీకు కావాల్సింది హెచ్ 4895. ఏ తూటాకైతే హోడ్జ్‌డన్ హెచ్ 4895 డేటా ఇచ్చిందో, ఆ ఛార్జిని మాక్సిమమ్‌లో 60 శాతం మిగిలేదాకా (అంటే 40 శాతం వరకు) తగ్గించుకోవచ్చని వాళ్ళే రాసిచ్చారు. ఇది హెచ్ 4895కి చెప్పింది, ఐఎంఆర్ 4895కి కాదు. కాల్చినప్పుడు చప్పుడు మెత్తగా "టుప్" మన్నా, టార్గెట్ మీద రంధ్రం కనబడకపోయినా వెంటనే ఆపి, ఖాళీ చేసి, బ్యారెల్ వెలుతురుకి పెట్టి చూడాలి. బ్యారెల్‌లో ఒక బుల్లెట్ ఉండగా ఇంకోటి కాల్చడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

ఎం1_అభిమాని
ఆటోలోడర్ (తనంతట తానే తర్వాతి తూటా ఎక్కించుకునే రైఫిల్) వాళ్ళకి ఓ ముక్క. ఎం1 గరాండ్‌కి .30-06 మామూలు పేజీ వాడొద్దు. పౌడర్ నిదానమైతే గ్యాస్ పోర్టు దగ్గర ప్రెషర్ ఎక్కువుండి ఆపరేటింగ్ రాడ్ వంగుతుంది, ఛాంబర్ ప్రెషర్ హద్దులోనే ఉన్నా సరే. గరాండ్ పేరుతో వేరే విభాగం ఉంటుంది, 4895, 4064 దరిదాపు పౌడర్లే కనబడతాయి అందులో. ప్రైమర్‌ని కేసు అడుగుకన్నా 0.003 నుంచి 0.005 అంగుళం లోతుకి దింపాలి. బయటికి పొడుచుకొచ్చిన ప్రైమర్ మీద బోల్ట్ పడితే మూతపడకముందే పేలొచ్చు. పూర్తి సైజింగ్ చేయాలి, భుజం 0.003 నుంచి 0.004 అంగుళం వెనక్కి నొక్కాలి.

మ్యాగ్నమ్_మోజు
సాఫ్ట్‌వేర్ వాడితే ఈ పుస్తకాల గోల ఉండదుగా. క్విక్‌లోడ్ ఉంది, ఇప్పుడు చాట్‌బాట్లూ చెబుతున్నాయి.

లోతుకొల
క్విక్‌లోడ్, జీఆర్‌టీ లాంటి సాఫ్ట్‌వేర్లు లెక్క వేస్తాయి, కొలవవు. కేసు నీటి సామర్థ్యం, బుల్లెట్ పొడవు, సీటింగ్ లోతు మీరు కొలిచి ఇస్తే, మీ క్రోనోగ్రాఫ్ వేగంతో సరిచూస్తే, రెండు లోడ్ల మధ్య ఏది ఎటు కదులుతుందో బాగా చూపిస్తాయి. డీఫాల్ట్ అంకెలు వదిలేసి వచ్చిన మాక్సిమమ్‌ని పట్టుకుని లోడ్ చేయడం వేరే సంగతి. పౌడర్ లాట్ తేడా దానికి తెలియదు.

చాట్‌బాట్ ఇచ్చే ఛార్జిని అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ఎక్కడో ఐఎంఆర్ అంకె, ఎక్కడో హెచ్ పేరు కలిపి తడుముకోకుండా చెబుతుంది.

గురిచూపు
అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. ఇప్పుడున్న వార్గెట్ డబ్బా అయిపోయి కొత్తది తెరిస్తే, లాట్ నంబర్ వేరైతే, ఇదంతా మళ్ళీ మొదటినుంచా?

తూకంరాళ్ళు
మొత్తం అక్కర్లేదు, కానీ నేరుగా పాత ఛార్జితో వెళ్ళొద్దు. ముఖ్యంగా అది మాక్సిమమ్ దగ్గరుంటే. ఐదు శాతం దించి రెండు మూడు మెట్లలో పైకి రండి, క్రోనోగ్రాఫ్ మీద పాత లాట్ వేగాలతో పోల్చండి. పాత వేగం తక్కువ ఛార్జికే వస్తే అదే కొత్త ఛార్జి. పాత డబ్బా అడుగున మిగిలిన నాలుగు గింజల్ని కొత్తదాంట్లో కలపకండి.

ఇత్తడికేసు
దీనికోసమే తూటా డబ్బా మీద అన్నీ రాసుకోవాలి: కేసు, ఎన్నోసారి కాల్చింది, ప్రైమర్, పౌడర్ పూర్తి పేరు, లాట్, ఛార్జి, బుల్లెట్, కంపారేటర్ పొడవు, తేదీ, చూసిన డేటా ఎవరిది, ఏ ఎడిషన్. పేజీ ఫోటో తీసి దాచుకుంటే ఇంకా మంచిది. సైట్లలో డేటా చెప్పకుండా మారుతుంది.

గురిచూపు
పాత వార్గెట్ డబ్బా ఒకటి మూత తీస్తే ఘాటుగా, పుల్లటి వాసన వస్తోంది. వాడొచ్చా?

రాగితొడుగు
వద్దు. చెడిపోతున్న పౌడర్ గుర్తులవి: పుల్లటి ఘాటు, తుప్పురంగు ధూళి, ఒక్కోసారి ఎర్రటి ఆవిరి. మంచి పౌడర్‌కి ఈథర్, ఆల్కహాల్ లాంటి తేలిక వాసన ఉంటుంది. ఆ డబ్బాని మిగతావాటి నుంచి వేరుచేసి ఇంటి బయట పెట్టండి. దాంతో లోడ్ చేసిన తూటాలుంటే అవి కూడా విప్పాల్సిందే, కేసులు లోపల పచ్చబడి ఉంటాయి చూడండి.